అరకు ప్రయాణం: ఊరికీ, వెంట వచ్చేవారికీ న్యాయం జరగాలంటే

చలికాలం మొదలవగానే విశాఖపట్నం నుంచి అరకు లోయకూ, లంబసింగి, వంజంగి కొండలకూ వాహనాలు బారులు తీరుతాయి. ఈ ప్రయాణంలో మన డబ్బు ఎవరి చేతికి చేరుతుంది, మనతో రావాలనుకున్నవారిలో ఎవరు రాలేక ఇంట్లో ఉండిపోతారు అనే రెండు విషయాలూ చాలావరకు గది మాట్లాడుకునే రోజునే తేలిపోతాయి. అందువల్ల ఈ సూచనలలో ఎక్కువ భాగం బయలుదేరక ముందు చేయవలసిన పనుల గురించే.

మొదట బస సంగతి చూడండి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, అనంతగిరి, పాడేరు మండలాలు గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతాలు. ఈ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే సవరణ ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. అయినా గిరిజనుల పేరిట కాగితాలు ఉంచి, పెట్టుబడీ లాభమూ బయటివారివిగా నడిచే బినామీ వ్యాపారాల మీద గిరిజన సంఘాలు చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్నాయి. కాబట్టి గది తీసుకునేటప్పుడు ఆ స్థలం ఎవరిదో, నడిపేది ఎవరో, పనిచేసేవారిలో ఆ పంచాయతీవారు ఎందరో నేరుగా అడగండి. అడగడానికి మొహమాటపడనక్కరలేదు, ఇక్కడి భూమి ఎవరి చేతిలో ఉందని నిలదీయడం కొత్త కాదు. అనంతగిరి మండలంలో బొర్రా అటవీ ప్రాంతపు గ్రామాలలో ఇచ్చిన గనుల లీజుల మీద గిరిజన హక్కుల కోసం పనిచేసే ‘సమత’ సంస్థ పోరాడితేనే, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జవాబు సరిగా రాకపోతే ఊరివారే నడుపుకొనే బసను వెతకండి.

కాఫీ, మిరియాలు, తేనె వంటివి కొనదలిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, వారపు సంతలో పండించినవారి దగ్గరో కొనండి. సంతలో గీచి గీచి బేరమాడకండి.

థింసా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకరి నడుము వెనుకగా మరొకరు చేతులు కలిపి, వరుసగా అడుగులు వేసే ఈ నృత్యం పెళ్లిళ్లలోనూ, చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలోనూ తుడుం, మోరి, కిరిడి వాద్యాల మోతల మధ్య ఊరంతా కలిసి ఆడుకునేది. రిసార్టుల ముంగిట మాత్రం అది అతిథులు భోజనం ముగించేదాకా సాగే ప్రదర్శన అయిపోతోంది. డబ్బు తీసుకుని ఆడడంలో తప్పు లేదు, అది వారి సంపాదన. అయితే మీరు కట్టే మొత్తంలో బృందానికి ఎంత ముడుతుందో ముందే కనుక్కోండి, వీలైతే బృంద నాయకురాలితోనే మాట్లాడి ఆమె చేతికే ఇవ్వండి. ఆటకు ఎంతసేపు పడుతుందో ఆమెనే చెప్పనివ్వండి. పిలిస్తేనే వరుసలో కలవండి. పిలవకుండా మధ్యలో దూరి స్త్రీల భుజాల మీద చేతులు వేసి ఫొటోలు దిగడాన్ని ఏ ఊరూ భరించనక్కరలేదు. ఫొటోకు ముందు అనుమతి అడగండి, వద్దంటే కెమెరా దించేయండి. పిల్లలకు చాక్లెట్లు, చిల్లర పంచకండి. అది వారిని బడి మాని రోడ్డు మీద నిలబడేలా చేస్తుంది. వంజంగి మీదికి తీసుకెళ్లిన సీసాలను తిరిగి కిందికి తెచ్చుకోవడం మీ బాధ్యతే.

ఇక వెంట వచ్చేవారి సంగతి. చక్రాల కుర్చీ వాడేవారు ఉంటే, బొర్రా గుహలలో చాలా మెట్లు దిగి ఎక్కవలసి ఉంటుందని ముందే గుర్తుంచుకుని, వారిని బయట కూర్చోబెట్టి మిగిలినవారు లోపలికి వెళ్లే ఏర్పాటు చేయకుండా, అందరూ కలిసి గడపగలిగే చోట్లతోనే రోజును నింపండి. బసకు ఫోను చేసినప్పుడు ‘వికలాంగులకు వీలుగా ఉంటుందా’ అని అడిగితే అందరూ ఉంటుందనే అంటారు. గుమ్మం ముందు ఎన్ని మెట్లున్నాయి, గది కింది అంతస్తులోనే ఉందా, స్నానాలగది తలుపు ఎన్ని అంగుళాల వెడల్పు అని అడిగి, ఫొటోలు పంపమనండి.

కులం, మతం, లింగం కారణంగా గది దొరకకపోవడం ఇంకా కఠినమైన విషయం. గది ఖరారయ్యాక ఇంటిపేరు విని ‘నిండిపోయాయి’ అంటే, ఆ మాటను లిఖితంగా, కనీసం సందేశం రూపంలోనైనా ఇవ్వమని అడిగి దాచుకోండి. హోటళ్లలో ప్రవేశానికి సంబంధించి మతం, కులం, లింగం వంటి కారణాలతో వివక్ష చూపరాదని రాజ్యాంగంలోని 15(2) అధికరణ చెబుతోంది. అంటరానితనం పేరుతో ప్రవేశం నిరాకరించడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద శిక్షార్హం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు బస నిరాకరించడాన్ని 2019 చట్టం నిషేధించింది. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది అవమానం పొందినవారే నిర్ణయించుకోవాలి. మిగిలినవారు చేయవలసింది వారితోపాటు ఆ బసను ఖాళీ చేసి బయటికి రావడం.

తిరిగి వచ్చాక ఆన్‌లైన్‌లో అభిప్రాయం రాసేటప్పుడు సూర్యోదయం బాగుందనే మాటతో ఆపకండి. ఎన్ని మెట్లు ఉన్నాయో, స్నానాలగది ఎలా ఉందో, యాజమాన్యం స్థానికులదేనో కాదో, ఒంటరి స్త్రీకి గది ఇచ్చారో లేదో కూడా రాయండి.