ఫోటో సగంలో రంగు పోతోందా? హెడ్ జోలికి పోకముందు గాలి కన్నం చూడండి

ఇంకు ట్యాంకుల ప్రింటరులో రంగు కాస్త తగ్గగానే అందరి చెయ్యీ హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్ మీదికే పోతుంది. ఆగండి. ముందు మామూలు కాగితం మీద ఒక నాజిల్ చెక్ తీయండి, అంటే హెడ్‌లోని సన్నని రంధ్రాల నుంచి ఇంకు వస్తోందో లేదో గీతల్లో చూపే పరీక్ష ప్రింటు. తర్వాత ట్యాంకుల దగ్గరికి వచ్చి కళ్లతో చూడండి. ఈ రెండూ చేయకుండా వరసగా ఐదారు క్లీనింగులు కొడితే ఇంకు అంతా ప్రింటరు అడుగున వృథా ఇంకును పీల్చుకునే వేస్టు ప్యాడ్‌లోకి పోతుంది, లోపం మాత్రం కదలదు.

ఇక్కడ చెప్పేది ఎప్సన్ టి60, ఆర్230, 1390 లాంటి ఆరు రంగుల ప్రింటర్లకు బయట ట్యాంకులు బిగించి వాడేవాళ్ల కోసం. ట్యాంకుతోనే వచ్చే ఎల్805 వాడేవాళ్లు ముందు ట్యాంకు దగ్గరి రవాణా లాక్ (ప్రింటరు మోసేటప్పుడు ఇంకును ఆపేది) ప్రింటింగ్ వైపు ఉందో లేదో చూసుకోవాలి. ప్రింటరు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాక ఇది మరచిపోయేవాళ్లు చాలామంది.

నాజిల్ చెక్ ఏం చెబుతోంది?

రెండు మూడు చెక్‌లు తీసి పక్కపక్కన పెట్టండి. ప్రతిసారీ అదే గీత తెగితే అక్కడ నాజిల్ ఎండిపోయింది. తెగే చోటు మారుతూ ఉంటే ఇంకు వచ్చే ట్యూబులో గాలి ఉంది. గీతలన్నీ నిండుగా వచ్చి, ఎ4 ఫోటో సగం దాటాక మాత్రం రంగు పోతుంటే హెడ్ బాగానే ఉంది, దానికి ఇంకు అందడం లేదు. ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఈ మూడోదే.

చెక్ నిండుగా ఉంది, ఫోటో సగంలో పాలిపోతోంది

పెళ్లికూతురి ఫోటో తీస్తున్నారనుకోండి. ముఖం, నగలు చక్కగా వస్తాయి. చీర కుచ్చిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎరుపు కాస్తా పసుపులోకి తిరుగుతుంది. అంటే మెజెంటా (గులాబీ ఎరుపు ఇంకు) ఆగిపోయింది, పసుపు ఒక్కటే పడుతోంది. పావుగంట ఆగి మళ్లీ నాజిల్ చెక్ తీస్తే మెజెంటా గీతలన్నీ ఉంటాయి. దాంతో కంప్యూటర్ సెట్టింగులనో, ఫోటో పేపరునో అనుమానిస్తారు. నాజిల్ చెక్‌కు పట్టే ఇంకు చాలా తక్కువ కాబట్టి అది ఎప్పుడూ నిండుగానే వస్తుంది. నిండు ఎ4 ఫోటోకు ఇంకు ఏకధాటిగా కావాలి. లోపం అక్కడే బయటపడుతుంది.

అసలు కారణం ట్యాంకు మీది చిన్న గాలి కన్నం. ఒక్కో రంగు ట్యాంకుకూ రెండు గదులుంటాయి. పెద్ద గదిలో ఇంకు ఉంటుంది, దాని బిరడా ఎప్పుడూ గట్టిగా మూసి ఉండాలి. చిన్నది గాలి గది. దాని కన్నం తెరిచి ఉండాలి, మీద చిన్న ఫిల్టరు ఉంటుంది. హెడ్ ఇంకు లాగిన కొద్దీ ఈ కన్నం గుండా గాలి లోపలికి రావాలి. ఫిల్టరు ఇంకుతో తడిసిందంటే గాలి దూరదు. ట్యాంకులో వాక్యూమ్ పెరిగి ఇంకు వెనక్కి పట్టేసినట్టు అవుతుంది. పావుగంట ఆగితే తడి ఫిల్టరులోంచి మెల్లగా కొంత గాలి చేరి మళ్లీ నడుస్తుంది. ఈ స్థితిలో క్లీనింగ్ కొడితే పంపు ఇంకా గట్టిగా లాగుతుంది, వదులుగా ఉన్న జాయింట్లలోంచి ట్యూబులోకి గాలి వస్తుంది. ఒక లోపం రెండవుతుంది.

తేల్చుకోవడం తేలిక. అనుమానం ఉన్న రంగు ట్యాంకుకు గాలి ఫిల్టరు పూర్తిగా తీసేసి, అదే ఫోటో మళ్లీ ప్రింట్ చేయండి. చివరిదాకా రంగు నిలిస్తే దొంగ దొరికినట్టే. కొందరు ఫిల్టరు వదిలేసి పెద్ద బిరడా లేపి చూస్తారు. అది చేయొద్దు. పెద్ద గదిలోని ఇంకు గాలి గదిలోకి దిగి, రెండు గదుల్లో మట్టం సమానమై, ఫిల్టరు మళ్లీ తడుస్తుంది.

సరిచేసే వరస ఇదీ. గాలి గదిలో ఇంకు అడుగున కొద్దిగానే ఉండాలి. పైదాకా వచ్చి ఉంటే సూది లేని సిరంజితో లాగేయండి. కన్నం అంచుల్ని టిష్యూ మెలిపెట్టి తుడవండి. కొత్త ఫిల్టరు పెట్టండి. కొత్తది లేకపోతే పాతదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, ఒక రోజంతా ఆరనిచ్చాకే పెట్టాలి. పైకి పొడిగా కనిపించినా లోపల తడి మిగిలితే మళ్లీ మొదటికే వస్తుంది. ఇంకు నింపేటప్పుడు ముందు గాలి కన్నం మూయాలి, తర్వాత పెద్ద బిరడా తీయాలి. నింపాక పెద్ద బిరడా గట్టిగా మూసి, ఆ తర్వాతే గాలి కన్నం తెరవాలి.

ఇంత చేసినా నెలకే మళ్లీ తడుస్తుంటే ట్యాంకు పెట్టిన చోటు చూడండి. పెద్ద గదిలో ఇంకు మీద ఉన్న గాలి ఎండకు వ్యాకోచించి ఇంకును గాలి గదిలోకి నెడుతుంది. ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే అంత ఎక్కువ నెడుతుంది. మే నెలలో కిటికీ పక్కన, పావు వంతు ఇంకుతో ఉన్న ట్యాంకు ఫిల్టరు దాకా నిండిపోవడానికి ఇదే కారణం. పగలు ఏసీ, రాత్రి ఏసీ ఆపేసే గదిలోనూ ఇదే జరుగుతుంది. ట్యాంకుల్ని ఎండ తగలని చోట పెట్టి, సగానికి తగ్గకుండా నింపుతూ ఉండండి. ట్యాంకును కదిపే ముందు గాలి కన్నాలు మూయండి, కుదురుగా పెట్టాక మరవకుండా తెరవండి.

ఫిల్టరు పొడిగానే ఉంది, అయినా రంగు ఆగుతోంది

ట్యాంకు అడుగు, ప్రింటరు అడుగు ఒకే బల్ల మీద, ఒకే మట్టంలో ఉండాలి. కింద పెడితే ఇంకు అందదు. పైన పెడితే హెడ్ నుంచి చుక్కలు కారతాయి, నాజిల్ చెక్‌లో ఒక రంగులో ఇంకో రంగు కలుస్తుంది. తర్వాత మూత తెరిచి ట్యూబుల దారి చూడండి. హెడ్‌ను అటూ ఇటూ మోసే క్యారేజీ కుడి చివర, ఎడమ చివర ఉన్నప్పుడు ట్యూబు బిగుసుకోకూడదు, మడత పడకూడదు.

ట్యూబులో వేలెడంత పొడవున గాలి కనిపిస్తే క్లీనింగుతో పోదు. ఆ ట్యూబు చివర హెడ్ మీద కూర్చునే కార్ట్రిడ్జ్‌ను ట్యూబుతో సహా బయటికి తీసి, ఇంకు వచ్చే మూతి పైకి ఉండేలా పట్టుకుని, సిరంజితో 3 నుంచి 5 మి.లీ. మెల్లగా లాగండి. తొందరపడి లాగితే నురుగు వస్తుంది.

ఒక రంగు ప్రతిరోజూ పొద్దున్నే ఎండిపోతోంది

ప్రింటరును గోడ స్విచ్‌తో ఆపుతున్నారా? ప్రింటరు మీది పవర్ బటన్‌తో ఆపితేనే హెడ్ కుడి చివరకు వెళ్లి, నాజిళ్లు ఎండకుండా మూసే క్యాప్ మీద కూర్చుంటుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే హెడ్ తెరిచే ఉండిపోతుంది. కరెంటు రాగానే ఒకసారి ఆన్ చేసి, బటన్‌తో ఆపండి. వారానికొకసారైనా ఆరు రంగులూ వాడే చిన్న ఫోటో ఒకటి తీయండి.

మిగతావి

కార్ట్రిడ్జ్ మీది చిప్‌ను ప్రింటరు గుర్తించకపోతే దాని కాంటాక్టులు పొడి గుడ్డతో తుడిచి చూడండి, మారకపోతే చిప్ సెట్టే మార్చాలి. వేస్టు ప్యాడ్ నిండిందంటే, అందులోకి పోయిన ఇంకును లెక్కపెట్టే కౌంటరు రీసెట్ ఒక్కటే సరిపోదు, ప్యాడ్ కూడా మార్చాలి, లేకపోతే ఇంకు బల్ల మీదికి కారుతుంది. లైట్ మెజెంటా ట్యాంకులో మెజెంటా పోస్తే ముఖాలన్నీ ఎర్రబడతాయి. ట్యాంకు ఖాళీ చేసి, ట్యూబులోని ఇంకు కూడా సిరంజితో లాగేసి, సరైనది పోయడమే దారి. డై ఇంకులో (రంగు కరిగి ఉండేది) పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు రేణువులు ఉండేది) కలిస్తే హెడ్ దక్కడం కష్టం.