ఇద్దరు హెవీవెయిట్ బాక్సర్లలో ఎవరు గెలుస్తారో అంచనా వేయడం ఎలా

ముందు ఒక అలవాటు మానేయండి. "వాడు వీడిని కొట్టాడు, వీడు ఇంకొకడిని కొట్టాడు, కాబట్టి వాడే మొనగాడు" అనే లెక్క బాక్సింగ్‌లో పనిచేయదు. 1971లో ఫ్రేజియర్ ముహమ్మద్ అలీని ఓడించాడు, 1973లో నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి మరీ గెలిచాడు, ఆ ఇద్దరినీ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలోనే ముగించేశాడు. ఆ లెక్కన 1974 అక్టోబరులో కిన్షాసాలో ఫోర్‌మన్ ముందు అలీ పని అయిపోవాలి కదా? ఎనిమిదో రౌండ్లో కింద పడి లేవలేకపోయింది ఫోర్‌మన్. ఫ్రేజియర్ వంగి ముందుకు దూసుకొచ్చే రకం, ఫోర్‌మన్‌కి కావాల్సింది సరిగ్గా అదే. అలీ మాత్రం తాళ్లకు ఆనుకుని, దెబ్బలన్నీ చేతుల మీద కాచుకుంటూ, దగ్గరికొస్తే మెడ పట్టి వంచేస్తూ అతని ఓపికంతా పిండేశాడు. కాబట్టి ఎవడు గొప్ప అని కాదు, వీడి ఆట వాడి ఆటకు ఎలా తగులుతుంది అని అడగాలి.

మా తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఈ మాట ఎత్తితే మొదట వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఆ పొడుగోడి ముందు వీడు నిలబడతాడా?" బ్రిటన్ బాక్సర్ ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాలు, రీచ్, అంటే రెండు చేతులూ పక్కలకు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు పొడవు, 85 అంగుళాలు. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ 6 అడుగుల 3 అంగుళాలు, రీచ్ 78. ఆ ఇద్దరి 2024 డిసెంబరు మ్యాచ్‌లో అయితే బరువులో కూడా పాతిక కిలోల తేడా ఉంది, అయినా ఆ ఏడాది రెండుసార్లూ ఉసిక్కే గెలిచాడు. అలాగని రీచ్ దండగ అనుకోవద్దు, 1990లో టోక్యోలో డగ్లస్ తన 12 అంగుళాల అదనపు రీచ్‌ని వాడుకునే టైసన్‌ని పదో రౌండ్లో పడగొట్టాడు. జాబ్, అంటే ముందున్న చేత్తో వేసే సూటి దెబ్బ, ఆగకుండా వేస్తేనే పొడుగు చేతులకు విలువ, లేకపోతే అది టేపు మీద అంకె మాత్రమే.

అందుకే హైలైట్స్ చూసి తీర్పు చెప్పకండి, పూర్తి ఫైట్ చూడండి, అందులో రెండు రౌండ్లు చేతులు వదిలేసి కేవలం కాళ్లు చూడండి. ఉసిక్‌ది ఎడమచేతి వాటం, సౌత్‌పా అంటారు, కుడి కాలు ముందుంటుంది, ఎదుటివాడి ముందు కాలికి బయటివైపు ఆ కాలు పెట్టగలిగితే ఎడమచేతి దెబ్బకు దారి దొరుకుతుంది. రియాద్‌లో జరిగిన ఉసిక్, ఫ్యూరీల మొదటి మ్యాచ్ తొమ్మిదో రౌండ్ వెతికి చూడండి. ఎడమచేతి దెబ్బలు తగిలాక ఫ్యూరీ ఒక తాడు నుంచి ఇంకో తాడుకు తూలుతూ పోతాడు, తాళ్లే అతన్ని నిలబెట్టాయని రిఫరీ నాక్‌డౌన్, అంటే కింద పడినట్టే, లెక్కపెట్టాడు. మామూలుగా రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 పాయింట్లు, నాక్‌డౌన్ పడితే సాధారణంగా అది 10-8 అవుతుంది. ఒక జడ్జి 115-112, ఇంకొకరు 114-113 ఉసిక్‌కి ఇచ్చారు, మూడో జడ్జి 114-113 ఫ్యూరీకి ఇచ్చారు. నాక్‌డౌన్ వల్ల ఫ్యూరీ పోగొట్టుకున్న ఆ ఒక్క పాయింట్ తీసేస్తే మ్యాచ్ డ్రా! పాయింట్ల మీద గెలుస్తాడు అని చెప్పేవాళ్లు ముగ్గురు జడ్జిల మూడు స్కోరు కార్డులుంటాయన్న సంగతి మరిచిపోకూడదు.

తర్వాత దమ్ము. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా పరుగెత్తిన కుర్రాళ్లు మోకాళ్ల పర్వతం మెట్ల దగ్గరికొచ్చేసరికి ఎలా రొప్పుతారో, మొదటి మూడు రౌండ్లు విచ్చలవిడిగా కొట్టే హెవీవెయిట్ కూడా ఎనిమిదో రౌండ్లో అలాగే అయిపోతాడు. అతను ఎనిమిది దాటి ఎన్నిసార్లు ఆడాడు, అప్పుడు నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నాడా, చేతులు నడుము దగ్గరికి జారుతున్నాయా చూడండి. దెబ్బ తిన్నాక ఏం చేస్తాడన్నదీ అంతే ముఖ్యం. 2018లో పన్నెండో రౌండ్లో వైల్డర్ దెబ్బకు ఫ్యూరీ వెల్లకిలా పడి కూడా లేచి ఆ రౌండ్ పూర్తి చేశాడు, నాకు అది అతని చాలా గెలుపులకన్నా ఎక్కువ చెప్పింది.

రికార్డు చూసేటప్పుడు అంకె కాదు, పేర్లు చదవండి: ఎవరిని కొట్టాడు, ఆ రోజుకి వాళ్ల వయసెంత, ఓటమి తర్వాత వచ్చినవాళ్లా?

పాత తరంతో ఇప్పటివాళ్లను పోల్చడం నాకు ఇష్టమే గానీ దానికి హద్దుంది. ఓటమి లేకుండా 49 గెలిచిన మార్సియానో బరువు సుమారు 84 కిలోలు, ఈ రోజు హెవీవెయిట్ మొదలయ్యేదే 90.7 దాటాక.

చివరి మాట చెప్పేముందు మ్యాచ్‌కి ముందు బాక్సర్ల బరువు చూసే తూకం దాకా ఆగండి. 2019 జూన్‌లో రూయిజ్ చేతిలో ఓడిన జాషువా డిసెంబరు రీమ్యాచ్‌కి సుమారు ఐదు కిలోలు తగ్గి వచ్చాడు, రూయిజ్ ఏడు కిలోలు పెరిగి వచ్చాడు. ఒకడు కదులుతూ జాబ్‌తో ఆడటానికి వచ్చాడని, ఇంకొకడు వెంటపడి పట్టుకోలేడని తూకం రోజే తెలిసిపోయింది, జాషువా పన్నెండు రౌండ్లూ అలాగే ఆడి గెలిచాడు. అది చూశాక కాగితం మీద పేరొక్కటే రాయకండి. ఎలా గెలుస్తాడు, ఏ రౌండ్ ప్రాంతంలో, ఏ దెబ్బతో, అది కూడా రాసి మీ స్నేహితుడి చేతికివ్వండి.