లినక్స్ వేసే ముందు డిస్క్‌లో చోటు లెక్క చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని కంప్యూటర్లు వైజాగ్‌లో చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని పాత సామాన్లకు వేసేయకుండా విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ను, అంటే ఉబుంటునో లినక్స్ మింట్‌నో, ఎక్కిద్దామని మధురవాడ హాస్టల్ కుర్రాళ్లూ, గాజువాకలో రిటైరైన పెద్దవాళ్లూ అనుకుంటున్నారు. మంచి ఆలోచనే. ఇన్‌స్టాల్ చెయ్యడం కూడా ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. కాకపోతే మధ్యలో డిస్క్‌ను ఎలా పంచాలో అడిగే స్క్రీన్ ఒకటి వస్తుంది. ఫోటోలు, ఫైళ్లు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. ఆ స్క్రీన్ చూశాక ఆలోచిద్దాంలే అనుకోకండి. లెక్క ముందే కాగితం మీద ఉండాలి.

కాగితం మీద మొదట రాయాల్సింది మెషిన్‌లో ఎన్ని డిస్కులున్నాయి, ఏది ఎంత, ఒక్కోదాంట్లో ఏయే పార్టిషన్లు (డిస్క్‌లో విడదీసిన భాగాలు) ఉన్నాయి అన్నది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. 512 జీబీ అని కొన్నది అక్కడ 476 అని చూపిస్తే షాపువాడిని అనుమానించక్కర్లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే. ఈ అంకెలు ఎందుకు కావాలంటే, లినక్స్ ఇన్‌స్టాలర్‌లో సి డ్రైవ్, డి డ్రైవ్ అన్న పేర్లుండవు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు వస్తాయి, ఇన్‌స్టాల్ చెయ్యడానికి పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా అదే వరసలో కూర్చుంటుంది. అక్కడ సైజే గుర్తు. డెస్క్‌టాప్‌లో ఒకే సైజు డిస్కులు రెండుంటే, కరెంటు తీసేసి, ముట్టుకోకూడని డిస్క్ కేబుల్ ఊడదీయండి. ఇంతకు మించిన జాగ్రత్త లేదు.

బ్యాకప్ గురించి ఒక్క మాట. డి డ్రైవ్‌లోకి కాపీ చేశాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. సి, డి రెండూ ఒకే డిస్క్‌లో ముక్కలైతే అది బ్యాకప్ కాదు. బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి, దాన్ని మెషిన్ నుంచి తీసి పక్కన పెట్టాకే పని మొదలుపెట్టండి.

రోజు కూడా చూసుకోవాలి. అక్టోబర్, నవంబర్ మనకు తుఫాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు లేకుండా రోజుల తరబడి గడిపిన ఊరు ఇది. అంత పెద్దది అక్కర్లేదు, గాలి గట్టిగా వీచి కరెంటు రెండు నిమిషాలు పోయినా చాలు, పార్టిషన్ మారుతున్నప్పుడైతే నష్టం జరిగిపోతుంది. పార్టిషన్ కుడి చివర తగ్గించడం కాస్త తేలికే. ఎడమ అంచు జరిపితే మాత్రం లోపలి డేటా మొత్తం మళ్లీ రాయాలి, పెద్ద హార్డ్‌డిస్క్ అయితే గంటలు పడుతుంది. అందుకే ఎడమ అంచు జరిపే ప్లాన్ అసలు వేసుకోకండి. లాప్‌టాప్‌కు బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ పెట్టే ఉంచాలి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే వాయుగుండం వార్త వచ్చిన వారం ఈ పని మానుకోండి.

విండోస్ ఉంచుకుని పక్కన లినక్స్ వేసేవాళ్లకు ఇంకో రెండు విషయాలు. ఒకటి బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. కొత్త లాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బూట్ సెట్టింగులు మారగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కీ ఉందో లేదో చూసి కాగితం మీదికి ఎక్కించండి. రెండోది ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, అలాంటి స్థితిలో ఉన్న పార్టిషన్‌ను లినక్స్ నుంచి మార్చడం ప్రమాదం. హైబర్నేషన్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్‌లో దాచి మెషిన్ ఆపడం) ఆపేస్తే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, దాని ఫైలు పట్టుకున్న చోటూ ఖాళీ అవుతుంది.

చోటు తగ్గించే పని విండోస్‌లోనే, డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యండి. ఖాళీ 200 జీబీ ఉన్నా 60కి మించి తగ్గనని అది మొండికేయొచ్చు, కదపలేని ఫైళ్లు మధ్యలో ఉండడమే కారణం. తగ్గించాక వచ్చిన చోటును ఖాళీగానే వదిలేయండి. అక్కడ కొత్త డ్రైవ్ తయారుచేసి ఫార్మాట్ చెయ్యకండి. విండోస్‌ను రెండుసార్లు రీస్టార్ట్ చేసి, బాగానే ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టండి.

ఇక ఎంత ఇవ్వాలి? ఉబుంటు 24.04 కనీసం 25 జీబీ అడుగుతుంది. లినక్స్ మింట్ కనీసం 20 అంటుంది, 100 ఉంటే హాయి అని తనే చెబుతుంది. కనీసం అంటే ఇన్‌స్టాల్ అవడానికి సరిపడా అని, ఏడాది వాడుకోవడానికి సరిపడా అని కాదు. స్నాప్‌లు, ఫ్లాట్‌ప్యాక్‌లు అనే యాప్ ప్యాకేజీలు చేరతాయి. ఇంజినీరింగ్ పిల్లలైతే డాకర్ ఇమేజ్‌లు (ప్రోగ్రామ్‌లను నడపడానికి వాడే ప్యాకేజీలు) కూడా దింపుతారు, అవి రూట్‌లోనే, అంటే లినక్స్ సిస్టమ్ ఉండే పార్టిషన్‌లోనే, పేరుకుంటాయి. నా లెక్కలో 100 జీబీ దాకా ఉంటే అంతా ఒకే రూట్ పార్టిషన్‌గా ఇచ్చేయడం మేలు. 200 దాటితే రూట్‌కు 60 నుంచి 80, మిగిలింది మీ సొంత ఫైళ్లుండే హోమ్‌కు. అలా విడదీస్తే రేపు ఇంకో లినక్స్ వేసుకున్నా, హోమ్‌ను ఫార్మాట్ చెయ్యనంత వరకు మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. ఆరేడు పార్టిషన్లు చెయ్యమని చెప్పే పాత గైడ్లను ఇంట్లో వాడే మెషిన్‌కు పట్టించుకోనక్కర్లేదు. ఒకదాంట్లో చోటు మిగిలిపోతుంది, ఇంకోటి నిండిపోతుంది. ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌కు వేరే పార్టిషన్ కూడా చాలామందికి అవసరం లేదు, ఫైలు చాలు. లినక్స్‌లో హైబర్నేట్ కావాలనుకుంటే మాత్రం ర్యామ్ ఎంతో అంతకు తగ్గకుండా స్వాప్ ఉండాలి.

లిస్టులో ఈఎఫ్ఐ పేరుతో, బూట్ అవడానికి కావాల్సిన ఫైళ్లున్న ఒక చిన్న పార్టిషన్ కనిపిస్తుంది. విండోస్ తయారుచేసుకున్నది తరచుగా 100 ఎంబీనే ఉంటుంది. చిన్నదే కదా అని తీసేయకండి. లినక్స్‌కు కూడా దాన్నే వాడొచ్చు, కానీ ఫార్మాట్ టిక్ దాని పక్కన పడకూడదు. అది పోతే విండోస్ బూట్ కాదు.

చివరి బటన్ నొక్కే ముందు ఏమేం మారబోతున్నాయో ఇన్‌స్టాలర్ చూపిస్తుంది. కాగితంతో పోల్చండి. ‘ఎరేజ్ డిస్క్’ అన్న ఆప్షన్ విండోస్‌తో సహా అన్నీ తుడిచేస్తుంది. డిస్కే కనబడకపోతే టెన్షన్ పడి ఏదో ఒకటి నొక్కకండి, వెనక్కి వచ్చేయండి. కొన్ని ఇంటెల్ మెషిన్లలో బయాస్‌లోని (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) ఆర్‌ఎస్‌టీ అనే డిస్క్ సెట్టింగ్ వల్ల అలా జరుగుతుంది. విండోస్ ఉన్న మెషిన్‌లో ఆ సెట్టింగ్‌ను నేరుగా మార్చేస్తే విండోస్ తెరుచుకోకపోవచ్చు కాబట్టి, ముందు దానికి తగిన పద్ధతి తెలుసుకోండి.

మింట్ వేసుకున్నవాళ్లు సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పుకోవడానికి వాడే టైమ్‌షిఫ్ట్‌ను ఆన్ చేసే ముందు, అది తీసే స్నాప్‌షాట్లు (ఆ స్థితి కాపీలు) ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి. రూట్‌లోనే పెట్టుకుంటే రెండుకి మించి ఉంచొద్దు.