తక్కువ బడ్జెట్‌లో మీ సేకరణకు తర్వాతి తుపాకీని ఎంచుకోవడం ఎలా?

ఈమధ్య ఒక మిత్రుడు కొత్తగా కొన్న పాత రైఫిల్ తెచ్చి చూపించాడు. కర్ర అద్దంలా మెరుస్తోంది, ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది. బోల్ట్ (బ్యారెల్‌ను వెనుక నుంచి మూసే ఇనుప గడియ) తీసి బ్యారెల్‌లోకి చూస్తే పాడుబడ్డ బావిలా ఉంది. పైన పటారం, లోన లొటారం. "కొనేముందు లోపల చూడలేదా?" అంటే "అడిగితే ఏమనుకుంటాడోనని అడగలేదండీ" అన్నాడు. ఇలా మొహమాటపడి మోసపోయినవాళ్లను లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను.

ఈ వ్యాసం పాత తుపాకులను సేకరించి, అప్పుడప్పుడు రేంజ్‌లో కాల్చుకునేవాళ్ల కోసం. గోడకు తగిలించుకోవడానికే కొనేవాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు.

1. ముందు చట్టం, తర్వాత బీరువా

మీరున్న చోట ఏ రకం తుపాకీ, ఏ బోరు (బ్యారెల్ లోపలి కొలత), ఎన్ని ఉంచుకోవచ్చో బేరానికి వెళ్లకముందే తెలుసుకోండి. లైసెన్స్ విషయంలో "కొన్నాక చూసుకుందాం" అనే మాట లేదు. తాళం వేసే ఇనప బీరువాలో ఇంకొకదానికి చోటుందా? తూటాలకు వేరే తాళం ఉందా? లేకపోతే ఈసారి డబ్బు వాటికే పెట్టండి.

2. డబ్బు లెక్క

చేతిలో ఉన్న మొత్తంలో నాలుగింట మూడు వంతులకు మించి తుపాకీకి పెట్టొద్దు. మిగతా పావు తూటాలకు, శుభ్రం చేసే సామానుకు, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు. మొత్తం ఒక్కదాని మీదే పోసి, తర్వాత తూటాలు కొనలేక ఏడాదిపాటు నూనె రాస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

రెండో నియమం: ఇప్పటికే మీ దగ్గరున్న తూటానే వాడే తుపాకీ కొనండి. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ ఉంటే, తర్వాతిది 1907 నాటి పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ కావచ్చు. రెండూ వాడేది 303 బ్రిటిష్ తూటానే. రష్యా వారి మోసిన్-నాగంత్ 91/30 ఉంటే అదే కుటుంబంలో కురచవైన ఎం38, ఎం44 ఉన్నాయి. మూడింటికీ 7.62×54 తూటానే. ఒక్కో తుపాకీకి ఒక్కో తూటా పెట్టుకుంటే బీరువా నిండా సగం సగం డబ్బాలే మిగులుతాయి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. చూపుకు ఒకేలా ఉన్నవన్నీ ఒకే తూటా వాడవు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో 1960లలో చేసిన 2ఏ, 2ఏ1 రైఫిళ్లు దూరం నుంచి అచ్చం పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లాగే ఉంటాయి. కానీ అవి వాడేది 7.62 నాటో తూటా. తూటాలు పట్టే పెట్టె, అంటే మ్యాగజైన్, కాస్త చతురస్రంగా ఉండటం చూసి గుర్తుపట్టొచ్చు. పాత మౌజర్లను కూడా చాలా దేశాలు మధ్యలో వేరే బోరుకు మార్చుకున్నాయి. అమ్మేవాడు చెప్పిన మాట కాదు, ఇనుము మీద కొట్టిన ముద్ర చదవండి. అనుమానం వస్తే ఛాంబర్ (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోటు) అచ్చు తీయించి కొలిపించండి.

3. ఏ రకం?

బడ్జెట్ తక్కువైతే బోల్ట్ యాక్షనే, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి నెట్టే రకమే. దీని మీద నాతో వాదించినవాళ్లు చాలామందే ఉన్నారు, నేను మారలేదు. కారణం చాలా మామూలుది. బోల్ట్ వెనక్కి లాగి చేత్తో తీసేస్తే బ్యారెల్ వెనుక నుంచి మూతి దాకా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఎం1 గరాండ్ లాంటి, తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో వెనుక నుంచి నేరుగా చూడటానికి దారే ఉండదు. విప్పాలి, లేదంటే మూతి నుంచే తంటాలు పడాలి. అమ్మేవాడి బల్ల మీద పావుగంటలో తేల్చుకోవాల్సిన మనకు అది కుదరదు.

స్వీడన్ వారి ఎం/96 మౌజర్ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. చాలావాటికి కర్ర పక్కన చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. సైన్యంలో పరీక్ష చేసినప్పుడు బ్యారెల్ ఎంత అరిగిందో దాని మీద గుర్తు పెట్టేవారు. అమ్మేవాడి కబుర్ల కన్నా ఆ బిళ్లే నయం. అయితే బిళ్లలు ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు మారిపోతుంటాయి కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మొద్దు. స్విట్జర్లాండ్ వారి కె31 కూడా మంచిదే. అదృష్టం బాగుంటే కర్ర వెనుక కొసకుండే మడమ పలక కింద ఒకప్పటి సైనికుడి పేరు రాసిన చీటీ కూడా దొరుకుతుంది.

4. సామాను

చిన్న టార్చి, బ్యారెల్ తుడవడానికి పూత ఉన్న కడ్డీ, గుడ్డముక్కలు, ఇత్తడి బ్రష్, కొద్దిగా సాల్వెంట్ (మురికి కరిగించే ద్రవం), భూతద్దం. అన్నీ ఒక సంచిలో పడతాయి.

5. చేతికి తీసుకోగానే

మూతిని మనుషుల వైపు తిప్పకండి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచండి, బోల్ట్ తెరిచి ఛాంబర్, మ్యాగజైన్ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూసి, వేలితో తడిమి చూడండి. "ఖాళీదేనండీ" అని ఎవరు చెప్పినా మళ్లీ చూడండి.

6. బ్యారెల్ లోపల చూడటం

అందరూ పాడుచేసేది ఇక్కడే. దయచేసి నెమ్మదిగా చదవండి.

మొదటి మాట: మురికి బ్యారెల్‌ను చూసి ఏమీ తేల్చకూడదు. మురికి రెండువైపులా మోసం చేస్తుంది. పేరుకున్న రాగి, మసి వల్ల మంచి బ్యారెల్ కూడా చచ్చినదానిలా కనిపిస్తుంది. గట్టిపడిన గ్రీజు గుంటల్లో నిండి, పాడైన బ్యారెల్‌ను నున్నగా చూపిస్తుంది. ఈ రెండోదానికి నేనే బలయ్యాను. "గిడ్డంగి గ్రీజు ఇంకా తీయలేదు, తీస్తే లోపల అద్దమే" అన్నాడు ఒక అమ్మకందారు. నమ్మాను. ఇంటికి తెచ్చి గ్రీజు తీస్తే బ్యారెల్ లోపలి మెలికల గాడులు సగం గ్రీజుతోపాటే వచ్చేసినట్టు అనిపించింది. అప్పటినుంచి నా నియమం ఒకటే: "ఒక్క గుడ్డముక్క తోసి చూడొచ్చా?" అని అడుగుతాను. వద్దంటే దండం పెట్టి బయటికి వచ్చేస్తాను. బేరం కూడా ఆడను.

సాల్వెంట్ తడిపిన గుడ్డ రెండుసార్లు, పొడి గుడ్డ రెండుసార్లు తోయండి. కడ్డీని వీలైనంతవరకు వెనుక నుంచే పెట్టండి. ఎర్రటి పొడి వస్తే అది తుప్పు. ఆకుపచ్చగా, నీలంగా వస్తే రాగి, భయం లేదు.

ఇప్పుడు చూపు. టార్చిని నేరుగా కంటికి ఎదురుగా పెట్టి చూస్తే ఏ బ్యారెలైనా వెండిలా మెరుస్తుంది. అమ్మేవాళ్లు అలాగే చూపిస్తారు. అలా కాకుండా అటు చివర ఒక తెల్ల కాగితాన్ని కాస్త వాల్చి పట్టుకుని, దాని మీద వెలుగు పడేలా చేయండి. అప్పుడు లోపల నీడలు కనిపిస్తాయి. రైఫ్లింగ్ అంటే మెలితిరిగిన గాడులు, వాటి మధ్య పొలం గట్లలాంటి గట్లు. గట్ల అంచులు పదునుగా ఉంటే బ్యారెల్ బతికే ఉంది. గుండ్రంగా అరిగిపోయి, ఎక్కడ గాడి, ఎక్కడ గట్టు అని వెతుక్కోవాల్సి వస్తే అక్కడితో వదిలేయండి.

గాడుల అడుగున కాస్త మసకగా, పొగచూరినట్టు ఉంటే భయపడొద్దు. అలాంటివి చక్కగా కాలుస్తాయి. గట్ల మీద గుంటలుంటేనే ఇబ్బంది. ఈ గుంటలు ఎలా వస్తాయో తెలిస్తే మీ తుపాకీకి అవి రాకుండా చూసుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో (తూటా అడుగున ముందుగా అంటుకునే మందు) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాల్లోని తేమను లాక్కుని ఇనుమును తింటుంది. అది నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాల్చి, నూనె రాసి, శుభ్రం చేశామనుకుని బీరువాలో పెట్టినవాళ్ల వల్లే ఇన్ని బ్యారెళ్లు పాడయ్యాయి. అలాంటి తూటాలు కాలిస్తే ఆ రోజే వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. నీళ్లంటే భయపడే పాతకాపులు నన్ను తిడతారు. తిట్టనివ్వండి.

లోపల ఎక్కడైనా ఉంగరంలా ఒక నల్లటి వలయం కనిపిస్తోందా? అదే చోట బయట వేళ్లతో నిమురుతూ వెళ్లండి. చిన్న ఉబ్బు తగిలితే, ఎప్పుడో లోపల ఏదో అడ్డుండగా కాల్చారన్నమాట. ఎంత చవకైనా వద్దు.

తర్వాత మూతి. ఒకప్పుడు కడ్డీని మూతి వైపు నుంచి దూర్చి తుడిచి తుడిచి అక్కడి గట్లను అరగదీశారు. లోపలంతా బాగుండి చివరి అంగుళంలో గట్లు మాయమైతే తూటా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. సోవియట్ మరమ్మతు కేంద్రాల్లో అరిగిన ఆ కొసను కాస్త లోతు వరకు వెడల్పుగా తొలిచేసేవారు. అప్పుడు మూతి దగ్గర కొంతమేర నున్నగా, గాడులు లేకుండా కనిపిస్తుంది. అది పాడైనట్టు కాదు, బాగుచేసినట్టు. బాగానే కాలుస్తాయి. కాకపోతే ఆ పేరు చెప్పి ధర తగ్గించమనండి.

ఇక హెడ్‌స్పేస్. బోల్ట్ మూసుకున్నాక తూటా వెనుక ఎంత ఖాళీ మిగులుతుందన్న లెక్క ఇది. ఖాళీ ఎక్కువైతే పేలినప్పుడు తూటా ఇత్తడి గొట్టం చీలి వేడి వాయువు వెనక్కి, అంటే మీ ముఖం మీదికి రావచ్చు. దీన్ని కంటితో చెప్పలేం. అసలు తూటా పెట్టి బోల్ట్ మూసి చూసేవాళ్లను చూశాను. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. దీనికి గేజ్‌లు ఉంటాయి. "గో" గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, "నో-గో" మీద మూసుకోకూడదు. "ఫీల్డ్" గేజ్ మీద కూడా మూసుకుంటే ఆ తుపాకీని కాల్చకూడదు. ఫైరింగ్ పిన్ను (తూటాను పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (కాలిన గొట్టాన్ని వెనక్కి లాగే కొక్కెం) తీసేసి వేలికొసతో మూయాలి. బలం పెడితే గేజ్ అబద్ధం చెబుతుంది. ఇది గన్‌స్మిత్ చేత చేయించండి. పావు వంతు డబ్బు పక్కన పెట్టమన్నది ఇందుకే. బోల్ట్ మీది నంబరు, బాడీ మీది నంబరు వేరైతే ఈ పరీక్ష తప్పనిసరి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4కు 0 నుంచి 3 వరకు అంకెలున్న బోల్ట్ హెడ్‌లు ఉండేవి. ఖాళీ పెరిగితే పెద్ద అంకె హెడ్ బిగించేవారు. అందులో అప్పటికే 3 బిగించి ఉంటే, ఇంకా సర్దడానికి మిగిలింది తక్కువని అర్థం.

బ్యారెల్, హెడ్‌స్పేస్ రెండూ బాగున్నా కొన్నిటికి దూరంగా ఉండాలి. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో చేసిన 1903 మోడల్‌ రైఫిళ్లలో 8,00,000 లోపు నంబర్లకు ఇనుమును కాల్చి గట్టిపరచడంలో లోపాలుండి, కొన్ని పెళుసుగా తయారయ్యాయి. వాటిని చూసుకోవడానికి కొనండి, కాల్చడానికి కాదు. మెలికల డిజైన్ ఉన్న డమాస్కస్ బ్యారెల్ షాట్‌గన్‌లో నేటి తూటాలు పెట్టడం కూడా అంతే.

7. పైపై సంగతులు

కర్ర మీద పగుళ్లు చూడండి, ముఖ్యంగా చేతి పట్టు దగ్గర. ఉప్పుకాగితం పెట్టి రుద్దిన కర్రను నేను ముట్టను. పాత తనిఖీ ముద్రలన్నీ అందులోనే పోతాయి.

అన్ని భాగాల మీదా ఒకే నంబరు ఉండాలని పట్టుబట్టేవాళ్లుంటారు. బడ్జెట్ మీద కొనేవాళ్లకు అది కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. మరమ్మతు కేంద్రాల్లో పాత నంబరు కొట్టేసి కొత్తది వేసినవి ఎన్నో ఉన్నాయి. నంబర్లు కలిసినంత మాత్రాన కలిసి పుట్టాయని కాదు. జపాన్ వారి అరిసాకా రైఫిళ్ల మీది చేమంతి ముద్ర (చక్రవర్తి చిహ్నం) రెండో ప్రపంచ యుద్ధం చివర లొంగిపోయినప్పుడు చాలావాటి మీద చెరిపేశారు. ముద్ర నిలిచినవి ప్రియం. చెరిపినవి చవక, కాల్చడంలో తేడా లేదు. నేనైతే చెరిపినదే కొంటాను. అలాగే 1942, 1943లలో రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో హడావిడిగా చేసిన మోసిన్ల మీద పనిముట్ల గీతలు అలాగే ఉంటాయి. అవి లోపం కాదు, వాటిని చూపి బేరమాడితే మీకు విషయం తెలియదని అమ్మేవాడికి అర్థమైపోతుంది.

8. కొన్నాక

అదే రోజు నంబరు, ముద్రలు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారన్నది ఫొటోలతో ఒక పుస్తకంలో రాసుకోండి. లైసెన్స్ కాగితాల్లో నమోదు చేయించండి. గేజ్ పరీక్ష అయ్యేదాకా తూటాల డబ్బా విప్పొద్దు. మొదటిసారి రేంజ్‌కు వెళ్లినప్పుడు ఐదు మాత్రమే కాల్చి, ఒక్కో ఇత్తడి గొట్టాన్నీ ఏరి భూతద్దంతో చూడండి. అడుగు నుంచి వేలి వెడల్పంత పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే ఆ రోజుకు ఆపేసి, తుపాకీని, ఆ ఐదు గొట్టాలనూ తీసుకుని గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి.