ఇంటికో గుర్తు గీసుకోవాలంటే: ముందు ఆ సింహాలను పక్కన పెట్టండి

పెళ్లి కార్డు మీదకో, కొత్తింటి గేటు మీదకో ఇంటి గుర్తు కావాలని ఎవరిని అడిగినా రెండు సింహాలు, మధ్యలో డాలు, పైన కిరీటం ఉన్న బొమ్మే నెట్‌లోంచి తీసి ఇస్తారు. అది మనది కాదు. ఇంటిపేరు కొడితే వంశ చిహ్నం వస్తుందని అమ్మే సైట్లకైతే అసలు డబ్బు కట్టకండి. ఇంగ్లండ్‌లోనే ఇవి ఇంటిపేరుకు ఇచ్చేవి కావు, 1484లో పుట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఒక మనిషికి ఇస్తే అది వాళ్ల వారసులకు వస్తుంది, అంతే.

ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఏ పని చేసి బతికామో అడగండి. గద్వాల, నారాయణపేట వైపు మగ్గం ఇళ్లకు నాడె (మగ్గంలో అటూ ఇటూ పోతూ నూలు అల్లేది) ఉంది, తాళ్లెక్కి కల్లు గీసిన ఇంటికి మోకు, గొర్లు కాసిన ఇంటికి గొంగడి. వలసపోయి కాలువలు తవ్విన పాలమూరు ఇల్లయితే పార, తట్ట పెట్టుకోండి, సిగ్గెందుకు, నా లెక్కలో కిరీటం కంటే అదే గొప్ప. కాకపోతే మొత్తం కులానికి గుర్తయ్యేది కాకుండా మీ ఇంటికే చెందినదేదో ఒకటి కలపండి, తాత తవ్వించిన బావి లాంటిది.

ఇంటిపేరులోనే బొమ్మ ఉంటే ఇంకా సులువు. వేముల వాళ్లకు వేపరెమ్మ, చింతల వాళ్లకు చింతకాయ. బ్రిటన్‌ను ఏలిన రెండో ఎలిజబెత్ రాణి తల్లి పుట్టింటి పేరు బోస్-లయన్, ఇంగ్లిష్‌లో విల్లు, సింహం అన్నట్టు వినపడుతుంది, వాళ్ల డాలు మీద విల్లులు, సింహాలే ఉంటాయి. కానీ చెట్టు మొత్తం గీయొద్దు. పిల్లలమర్రి ఇష్టమని ఊడలన్నీ దించితే కార్డు మీద అచ్చేసరికి నల్లటి మచ్చ మిగులుతుంది, ఒక్క మర్రాకు చాలు. మొత్తం రెండు బొమ్మలు దాటనివ్వకండి.

రంగుల దగ్గర పాత యూరప్ పద్ధతి నిజంగా పనికొస్తుంది. పసుపు, తెలుపు ఒక జట్టు (వాళ్ల లెక్కలో బంగారం, వెండి), ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు ఇంకో జట్టు. ఒకే జట్టులోని రంగులను ఒకదాని మీద ఒకటి వేయకూడదు. పసుపు మీద తెల్ల నాడె పెడితే నాలుగడుగుల దూరం నుంచే కనపడదు, అదే నీలం మీద పసుపు నాడె అయితే రోడ్డు మీద నుంచి కూడా తెలుస్తుంది. డాలు ఆకారమే ఉండాలని లేదు, గుండ్రంగా అయినా సరే.

నాలుగు సింహాల రాజముద్ర జోలికి మాత్రం పోకండి, 2005 చట్టం ఉంది. తెలంగాణ ముద్రలోని కాకతీయ తోరణం, చార్మినార్ కూర్పును కూడా దించుకోవద్దు. ఆ ముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ గారు మన ఉమ్మడి నల్లగొండ జిల్లావారే, అది వేరే సంతోషం.

పెళ్లికైతే గుర్తును నిలువునా రెండు సగాలు చేసి, చూసేవాళ్లకు ఎడమవైపు అబ్బాయి ఇంటిది, కుడివైపు అమ్మాయి ఇంటిది పెట్టండి, పాత పద్ధతీ అదే. కింద మాట రాయాలనుకుంటే అవ్వ రోజూ అనే మాట రాయండి, సంస్కృతం కోసం వెతకొద్దు.

చివరికి దాన్ని మాటల్లో రాసి పెట్టుకోండి: “నీలం మీద పసుపు నాడె, కింద మూడు తెల్ల అలలు” అని. హెరాల్డ్రీలో, అంటే యూరప్ వంశ చిహ్నాల పద్ధతిలో, బొమ్మ కంటే ఈ వాక్యానికే విలువెక్కువ, ఎవరి చేతిలో గీత ఎలా మారినా వాక్యానికి సరిపోతే చాలు. గేటు చేసే వెల్డింగ్ ఆయనకూ, టీ షర్టుల వాళ్లకూ అదే పంపండి.