లూపస్ ఉన్నవారికి కడుపులో ఇబ్బంది వస్తే: గ్యాస్ మాత్రకు ముందు చూసుకోవలసినవి

రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే వ్యాధి లూపస్. ఆ పేరు అనగానే కీళ్ల నొప్పులు, ముఖం మీది ఎర్రదనం, మూత్రపిండాలు గుర్తుకొస్తాయి గానీ, నోటి నుంచి పెద్దపేగు దాకా జీర్ణవ్యవస్థలో ఏ భాగాన్నయినా ఈ వ్యాధి తాకగలదు. అయినా ఈ రోగులకు వచ్చే వికారం, విరేచనాలు, కడుపు మంటలో చాలా భాగం వాడుతున్న మందుల వల్లనో, ఇన్ఫెక్షన్ వల్లనో వచ్చేవే. కారణాన్ని బట్టి చికిత్స తలకిందులవుతుంది: లూపస్ వల్ల పేగు వాస్తే స్టెరాయిడ్ పెంచవలసి రావచ్చు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అదే పెంపు ముప్పు తెస్తుంది. అందుకే "గ్యాస్ పట్టేసింది" అని మెడికల్ షాపులో మాత్ర అడిగి తెచ్చుకునే అలవాటు వీరికి ఏమాత్రం పనికిరాదు.

ముందుగా మందుల చీటీ తీసి, ఇబ్బంది మొదలవడానికి ముందు ఏ మందు కొత్తగా చేరిందో, దేని మోతాదు పెరిగిందో చూడండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మైకోఫెనోలేట్ వల్ల విరేచనాలు కావడం తరచుగా కనిపించేదే. డాక్టరు మోతాదును విడగొట్టి ఇవ్వడమో, మరో రకానికి మార్చడమో చేస్తారు. లూపస్‌కు ఎక్కువగా వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను భోజనంతో వేసుకుంటే వికారం తగ్గుతుంది; యాంటాసిడ్ కూడా వాడుతుంటే ఆ రెంటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. స్టెరాయిడ్‌తో పాటు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కలిస్తే జీర్ణాశయంలో పుండు పడే అవకాశం బాగా పెరుగుతుంది, మూత్రపిండాలకూ చేటు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది కనుక, ఆ మాత్ర ఏ రోజున వేసుకోవాలో (సోమవారమో, మంగళవారమో) డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవడం మంచిది. అనుమానం ఎంత బలంగా ఉన్నా ఏ మందునూ, ముఖ్యంగా స్టెరాయిడ్‌ను, సొంతంగా ఆపకండి. వాంతుల వల్ల అది కడుపులో నిలవకపోతే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

తరువాత ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలు రాయండి. "ఉదయం 8: ఇడ్లీ, మాత్రలు. 10: పలుచని విరేచనం, రక్తం లేదు. సాయంత్రం జ్వరం 100.6. బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి" అని రాసిన పేజీ, "కడుపు బాగోలేదండీ" అన్న మాట కంటే డాక్టరుకు ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది.

కొన్నింటికి మాత్రం పుస్తకం రాస్తూ కూర్చోకూడదు. తగ్గని తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి మలం గానీ గాలి గానీ పోకపోవడం, రక్తపు వాంతి, తారులా నల్లగా జిగటగా వచ్చే మలం, పైకడుపు నుంచి వెన్నులోకి పాకే నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పేగులకు వెళ్లే రక్తనాళాల వాపు, క్లోమగ్రంథి వాపు, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే ప్రతిరక్షకాలు) ఉన్నవారిలో రక్తం గడ్డకట్టడం ఇలాగే మొదలవుతాయి. స్టెరాయిడ్ వాడేవారిలో పేగుకు రంధ్రం పడినా పొట్ట నొక్కితే అంతగా నొప్పి తెలియకపోవచ్చు కాబట్టి, క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే లూపస్ ఉందనీ, స్టెరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములు వాడుతున్నారో చెప్పండి. నొప్పి కొద్దిగానే ఉందని ఊరుకోవడం ఇక్కడ కుదరదు.

అంగిలి మీద నొప్పి లేని పుండ్లు వ్యాధి చురుగ్గా ఉందనడానికి సూచన కావచ్చు. అద్దంలో చూసుకుంటే తప్ప తెలియవు. కాళ్లు వాచి, రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గినా మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదంటే, అది పేగుల ద్వారా పోతోందేమో పరీక్షించమని అడగవచ్చు.

ఆహారంలో లూపస్‌కంటూ ప్రత్యేక పత్యం లేదు. అల్ఫాల్ఫా మొలకలు మాత్రం వద్దు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నప్పుడు బండి మీది పచ్చడి, కోసి ఉంచిన పండ్లు మానేయాలి. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్ తాగాలి గానీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. విరేచనాలతో పాటు వారాల తరబడి సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే, మన దేశంలో పేగుల క్షయను కూడా దృష్టిలో పెట్టుకుని పరీక్షలు చేయించుకున్నాకే స్టెరాయిడ్ పెంచే మాట ఎత్తాలి.