రైలు సీజన్ టికెట్: ఎలా తీసుకోవాలి, ఎక్కడ పట్టుబడతారు

అనంతపురం నుంచి ధర్మవరానికో, కర్నూలు నుంచి డోన్‌కో, కడప నుంచి ఎర్రగుంట్లకో రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్లు కౌంటర్లో ప్రతిసారీ టికెట్ కొంటుంటే డబ్బు పారేసుకుంటున్నట్టే. సీజన్ టికెట్ అంటే ఒకే దారిలో గడువు వరకు రోజూ వెళ్లొచ్చేందుకు ఒకేసారి కొనే టికెట్. సెకండ్ క్లాస్ నెల సీజన్ ధర సుమారుగా 15 మామూలు టికెట్ల ఖరీదు. నెలకు 25 రోజులు వెళ్లొస్తే 50 ప్రయాణాలు. వారానికి రెండు రోజులే వెళ్లేవాళ్లకు మాత్రం ఇది పెద్దగా కలిసిరాదు. మూడు నెలలది నెల ధరకు 2.7 రెట్లు. అంటే మూడో నెలలో కాస్త మిగులుతుంది.

దూరం 150 కిలోమీటర్లు దాటకూడదు. అందుకే కర్నూలు నుంచి హైదరాబాదుకు సీజన్ ఇవ్వరు.

స్టేషన్లో తీసుకుంటే ఫొటో, ఆధార్ లాంటి గుర్తింపు పత్రం పట్టుకెళ్లండి. ముందు ఫొటో ఉన్న సీజన్ గుర్తింపు కార్డు ఇస్తారు, దాని నంబరు టికెట్ మీద ఉండాలి. కార్డు ఇంట్లో మరిచిపోయి టికెట్ ఒక్కటే చూపిస్తే టికెట్ లేనట్టే లెక్క. ఫోన్లో అయితే రైల్వే వాళ్ల రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు. గడువు మరుసటి రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి ఉదయం బండికి ఆ ఉదయమే కొంటే ఆ రోజుకు పనికిరాదు. తనిఖీలో టికెట్‌ను యాప్ తెరిచి చూపాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. పాత సీజన్ గడువు ముగియడానికి 10 రోజుల ముందే పునరుద్ధరించుకోవచ్చు.

రాయితీలు చాలామంది అడగరు, కౌంటర్లోనూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఇంటర్ వరకు చదివే అబ్బాయిలకు, డిగ్రీ వరకు చదివే అమ్మాయిలకు ఇల్లు, విద్యాసంస్థల మధ్య సెకండ్ క్లాస్ నెల సీజన్ ఉచితం. సంస్థ పెద్ద సంతకం, ముద్ర ఉన్న పత్రం కావాలి. అసంఘటిత రంగంలో నెలకు రూ.1,500 మించని ఆదాయం ఉన్నవాళ్లకు ఇజ్జత్ సీజన్ రూ.25కే వస్తుంది. దీనికి ఆదాయ ధ్రువపత్రం తప్పనిసరి. ఆ ఆదాయ పరిమితి ఈ రోజుల్లో ఎంతమందికి వర్తిస్తుందన్నది వేరే సంగతి.

జరిమానాలు ఎక్కువగా పడేది రెండు చోట్ల. ఒకటి సూపర్‌ఫాస్ట్: నంబరు 12, 20 లేదా 22తో మొదలయ్యే బండి ఎక్కాలంటే సీజన్‌తో పాటు అదనపు రుసుము ముందే కట్టి ఉండాలి. రెండోది స్లీపర్: ఖాళీ బెర్తు కనిపించినా సెకండ్ క్లాస్ సీజన్‌తో రిజర్వేషన్ బోగీలో కూర్చోకూడదు. పట్టుబడితే ఛార్జీతో పాటు కనీసం రూ.250 కట్టాలి.

మహిళలు రైలు లెక్క వేసే ముందు బస్సు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ ధర లేదు. దరఖాస్తు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి కండక్టరు దగ్గర సున్నా టికెట్ తీసుకుంటే చాలు.

సీజన్ పోగొట్టుకుంటే నకలు ఇవ్వరు, వాడకపోయినా డబ్బు తిరిగి రాదు. ఉద్యోగంలో మీకు బదిలీ అయ్యే అవకాశం ఉంటే మూడు నెలలది కాకుండా నెలదే తీసుకోండి.